తొంభై ఒకటితో మొదలైన నంబర్లు

ఉద్యోగ విరమణకు ఏడాదిన్నర ముందు, ఒక వర్షాకాలం మొదట్లో, నన్ను గుడివాడ కార్యాలయం నుంచి మచిలీపట్నం జిల్లా కార్యాలయానికి గణాంక అధికారిగా మార్చారు. శాఖ పేరు రాయను. సముద్రం మీద బతికేవాళ్ళ పడవలు, వలలు, కుటుంబాల వివరాలు రాసి ఉంచే శాఖ అంటే చాలు. గణాంక అధికారి హోదా సూపరింటెండెంటుకు పైన, అసిస్టెంట్ డైరెక్టరుకు కింద ఎక్కడో వేలాడుతుంది. ఫైలు మీద ఆఖరి సంతకం పెట్టే అధికారం ఆ హోదాకు లేదు. ఫైలులో తప్పు దొర్లితే సంజాయిషీ ఇచ్చే బాధ్యత మాత్రం ఉంది.

బదిలీ ఉత్తర్వులో కారణం పాలనా సౌలభ్యం అని రాశారు. ఉత్తర్వు రాసేవాళ్ళకు వేరే మాట తెలియదు. అసలు కారణం ఒక ఫోను నంబర్ల జాబితా.

తుపాను హెచ్చరిక ఎలా పనిచేస్తుందో తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. వాతావరణ కేంద్రం నుంచి హెచ్చరిక రాగానే జిల్లా కార్యాలయం పడవ యజమానులందరికీ ఫోను సందేశం పంపుతుంది. సందేశాలు పంపే కంపెనీ ఒకటి ఉంటుంది. వాళ్ళ వెబ్‌సైట్లో మన నంబర్ల ఫైలు ఎక్కించి ఒక బటన్ నొక్కితే నిమిషాల్లో అన్ని ఫోన్లూ మోగుతాయి. అంతకు ముందు మా ఫీల్డు సిబ్బంది మైకు ఆటో వేసుకుని తీరం వెంట పల్లెపల్లెకూ తిరిగి చెప్పేవారు. సందేశాల పద్ధతి రాగానే ఆటో మానిపించారు. ఆటో అవసరం ఎప్పుడైనా పడుతుందేమో అని అడిగినవాడికి పాతకాలం మనిషని పేరు పెట్టారు.

ఆ నంబర్లు సేకరించింది విజయవాడ నుంచి వచ్చిన ఒక ఏజెన్సీ. ట్యాబులు పట్టుకుని దివిసీమంతా తిరిగారు. వాళ్ళు అప్పగించిన ఫైలు నేను తెరిచిన రోజు కాసేపు నవ్వుకున్నాను. ఒక నంబరు ముందు ప్లస్ తొంభై ఒకటి, ఇంకోదాని ముందు సున్నా. కొన్నిటి మధ్య గీతలు, కొన్నిటి మధ్య చుక్కలు. ఒకే గడిలో ఇద్దరి నంబర్లు. సున్నాకి బదులు ఇంగ్లీషు అక్షరం ఓ కొట్టినవాళ్ళూ ఉన్నారు. ఒకచోట నంబరు ఉండాల్సిన గడిలో "ఊళ్ళో లేరు" అని టైపు చేశారు. కంపెనీ వెబ్‌సైటు ఒక్క వరుస తప్పున్నా ఫైలు మొత్తాన్ని తిప్పికొట్టేది. రెండు నెలలుగా అది తిప్పికొడుతూనే ఉంది, మా వాళ్ళు ఎక్కిస్తూనే ఉన్నారు.

మా జాయింట్ డైరెక్టరు గారు, జె.డి. గారు అంటాం, జిల్లాలో మా శాఖకు పెద్ద. ఆయనకు "క్లీన్ డేటా" అన్న మాట మీద మహా మోజు. ప్రతి సమావేశంలోనూ ఆ మాట వచ్చేది. ఏ సమావేశంలోనూ దాని అర్థం వచ్చేది కాదు. నలుగురు ఆపరేటర్లను కూర్చోబెట్టి చేత్తో సరిచేయించాలనుకున్నారు. నెల పడుతుందని లెక్క తేలాక గుడివాడలో ఉన్న నేను గుర్తొచ్చాను.

నాకు ఈ విద్య తెలుసని శాఖలో పేరుంది. దాన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. మామూలుగా కంప్యూటర్లో వెతికితే మనం కొట్టిన మాటనే అది వెతుకుతుంది. ఈ పద్ధతిలో ఫలానా మాట అని చెప్పం, ఫలానా ఆకారంలో ఉన్న మాట అని చెబుతాం. పంక్తి మొదట్లో ఉన్న సున్నాలు, వరుసగా పది అంకెలు, రెండు అంకెల మధ్య గీత, ఇలా. టోపీలాంటి గుర్తు పెడితే పంక్తి మొదలు అని, డాలరు గుర్తు పెడితే పంక్తి చివర అని అర్థం. ఉచితంగా దొరికే టెక్స్ట్ ఎడిటరు ఏదైనా చాలు. నెల పని పూటలో అవుతుంది. ఎప్పుడో ఒక శిక్షణలో ఒక్క పూట చెప్పి వదిలేశారు. ఒకే ఊరి పేరును పన్నెండు రకాలుగా రాసే మా శాఖ పుణ్యమా అని మిగతాది నేనే నేర్చుకున్నాను. తెలియనివాళ్ళు చూస్తే ఇంద్రజాలంలా ఉంటుంది. నిజం చెప్పాలంటే, అలా చూసేవాళ్ళు చుట్టూ నిలబడితే నాకూ బాగానే ఉండేది.

ఆ రోజు మూడు గంటలకు రాష్ట్ర కార్యాలయంతో వీడియో కాన్ఫరెన్సు. ఒంటిగంటకు జె.డి. గారు నా సీటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఫైలులో ప్రతి వరుస మొదట ఫోను నంబరు, తర్వాత పేరు, ఊరు ఉండేలా అప్పటికే సర్దిపెట్టాను. అసలు ఫైలుకు నకలు తీసి దాని మీదే పని మొదలుపెట్టాను. ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే. నంబర్లలోని గీతలు, చుక్కలు, ఖాళీలు, ప్లస్ గుర్తులు తీయించాను. అక్షరం ఓలను సున్నాలు చేశాను. రెండు నంబర్లున్న గడుల్ని రెండు వరుసలుగా విడగొట్టాను. మొదట్లో ఉన్న సున్నాలు ఎగరగొట్టాను. తర్వాత దేశం కోడు. టోపీ గుర్తు, తొమ్మిది, ఒకటి. అంటే పంక్తి మొదట్లో తొంభై ఒకటి ఉంటే తీసెయ్యమని. "అన్నీ మార్చు" అన్న బటన్ నొక్కాను. ఎన్ని మారాయో ఎడిటరు కింద చూపించింది. పై రెండు తెరల మేర వరుసలు చూశాను. అవి మేం బందరు అని పిలిచే మచిలీపట్నం మండలం వరుసలు. అన్నీ శుభ్రంగా పదేసి అంకెలు.

పది అంకెలు లేని వరుసలు కొన్ని మిగిలాయి. ఇవి ఒకసారి చూడాలని జె.డి. గారికి చెప్పాను. ఆయన గడియారం చూసుకున్నారు.

"తప్పుడు నంబర్లు పెట్టుకుని ఏం చేస్తాం మేడం? తీసేయండి. రిపోర్టులో ఎర్రర్లు సున్నా అని ఉండాలి."

తీసేశాను. ఆయన చెప్పారని మాత్రమే తీశానంటే అబద్ధం. ఆ ఏజెన్సీ వాళ్ళ మీద నాకు ఎంత చులకన ఉందంటే, మిగిలినవన్నీ వాళ్ళ చెత్తే అని చూడకుండానే అనుకున్నాను. ఫైలు ఎక్కించాం. వెబ్‌సైటు మొదటిసారే తీసుకుంది. మూడు గంటలకు జె.డి. గారు తెర ముందు కూర్చుని మా జిల్లా జాబితాలో ఒక్క తప్పు కూడా లేదని చెప్పారు. పై నుంచి ఎవరో అభినందించారు. నేను వెనక కుర్చీలో కూర్చుని టీ తాగాను.

వానలు వెనకబట్టే కాలంలో వాయుగుండం పట్టింది. పెద్ద తుపాను కాదు, కానీ గాలులు గట్టివి. మధ్యాహ్నం హెచ్చరిక రాగానే సందేశం పంపాం. తెర మీద నూటికి నూరు శాతం చేరినట్టు చూపించింది. ఫైలులో ఉన్న నంబర్లకు చేరింది కాబట్టి ఆ మాట నిజమే. ఫైలులో లేని నంబర్ల సంగతి తెరకు తెలియదు.

మర్నాడు తెల్లారుజామున నాగాయలంక అవతలి ఒక పల్లెపాలెం నుంచి రెండు పడవలు వేటకు వెళ్ళాయి. చుట్టుపక్కల పాలేల నుంచి ఒక్క పడవా కదల్లేదు. ఒక పడవ మబ్బు చూసి వెనక్కి తిరిగింది. రెండోది నాంచారయ్య అనే అతనిది. అందులో ముగ్గురున్నారు. తిరిగొస్తుంటే మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, ఇంజను ఆగిపోయింది. కెరటం పడవను ఎత్తి కుదేసింది. ఇంజనుకూ చెక్కకూ మధ్య నలిగి నాంచారయ్య కుడి భుజం విరిగింది. పడవ ముక్కలైంది. ముగ్గురూ ఒక ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని సాయంత్రానికి మడ అడవి వైపు కొట్టుకొచ్చి, బురదలో నడిచి ఊరు చేరారు.

నాలుగో రోజున మా ఫీల్డు సిబ్బంది నివేదిక వచ్చింది. జె.డి. గారు దాని మీద తన ముక్క తాను రాశారు. సందేశం సకాలంలో అందినా మత్స్యకారులు నిర్లక్ష్యం చేశారని. ఆ ఒక్క వాక్యానికి ఉన్న బలం బయటివాళ్ళకు తెలియదు. హెచ్చరికను కాదని వేటకు వెళ్ళి పడవ పోగొట్టుకున్నవాళ్ళకు నిబంధనల ప్రకారం పడవ సాయం రాదు. పాలెం మనిషిని అడగనైనా అడగకుండా, బందరులో ఫ్యాను కింద కూర్చుని ఆ మాట రాసేశారు. అది నేనూ చదివాను. చదివి, వీళ్ళు ఎప్పుడు మారతారో అనుకున్నాను. ఇది దాచుకోవాల్సిన సంగతే అయినా దాచడం లేదు.

తర్వాతి వారం నాంచారయ్య భార్య వెంకాయమ్మ వచ్చింది. చేపలమ్మే మనిషి. అవనిగడ్డలో బస్సు మారి బందరు చేరేసరికి పదకొండయింది. ముందు జె.డి. గారి గదికి వెళ్తే, సందేశం వచ్చే ఉంటుంది, మీరే తీసేసి ఉంటారు అన్నారట. ఫోన్ల గొడవ కాబట్టి నా సీటుకు పంపారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. ప్లాస్టిక్ కవరులో చుట్టిన బటన్ల ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

"మీరు పంపితే ఇందులో ఉండాలి గదండీ. చూడండి."

చూశాను. రెండేళ్ళ సందేశాలు ఉన్నాయి. బ్యాంకువి, గ్యాసువి, రీఛార్జి ప్రకటనలు. మేము హెచ్చరిక పంపిన రోజు సాయంత్రం కూడా ఒక ప్రకటన వచ్చి ఉంది. మాది లేదు. పొరపాటున తీసేశారేమో అని నేనూ అన్నాను. జె.డి. గారి మాటే నా నోటి నుంచి వచ్చింది.

"మా ఆయనకి ఫోను ఎత్తడం, పెట్టడం తప్ప ఏం రాదండి. నాకు అదీ రాదు. మా పాప చదివిద్దిగానీ, ఈ చెత్తంతా ఉంచి మీదొక్కటే ఏరి తీసేసిద్దా?"

నంబరు చెప్పమన్నాను. ఫోను వెనక కాగితం ముక్క మీద రాసి అంటించి ఉంది. ఆమె చదవలేదు, ఫోను తిప్పి నా వైపు జరిపింది. మొదటి రెండు అంకెలు తొమ్మిది, ఒకటి. మిగతా ఎనిమిదీ చదవాల్సిన పని లేకపోయింది.

మన దేశం కోడు తొంభై ఒకటి. అలాగే మామూలు ఫోను నంబర్లలో కూడా తొంభై ఒకటితో మొదలయ్యేవి ఉంటాయి. ఒక నంబరు ముందు దేశం కోడు ఉంటే పన్నెండు అంకెలవుతాయి. లేకపోతే పదే. కాబట్టి తొంభై ఒకటి తర్వాత సరిగ్గా పది అంకెలు ఉంటేనే తీసెయ్యి అని రాయాలి. ఆ సూత్రం నా నోటు పుస్తకంలో నా చేతిరాతతోనే ఉంది. గుడివాడలో ఇద్దరికి నేర్పించాను కూడా. ఆ మధ్యాహ్నం నేను పొట్టి సూత్రం రాశాను. దాంతో పది అంకెల మంచి నంబర్లు ఎనిమిది అంకెలయ్యాయి. ఎనిమిది అంకెలున్నాయి కాబట్టి తప్పుడు నంబర్లయ్యాయి. తప్పుడు నంబర్లు కాబట్టి తీసేశాను.

అసలు ఫైలు తెరిచి ఆ పాలెం వరుసలు చూశాను. ముప్పాతిక వంతు తొంభై ఒకటితోనే మొదలవుతున్నాయి. ఎందుకని వెంకాయమ్మను అడిగితే చెప్పింది. కొన్నేళ్ళ కింద ఒక ఫోను కంపెనీవాళ్ళు వచ్చి, రేవు దగ్గర గొడుగు వేసుకుని, ఒక్క పూటలో ఊరందరికీ సిమ్ములిచ్చి పోయారు. ఒకే కట్టలోవి. వరుస నంబర్లు. నన్ను ఎక్కువగా కోసింది ఇంకో సంగతి. ఆ వరుసల్లో గీతల్లేవు, చుక్కల్లేవు, ముందు సున్నాల్లేవు. నేను అంతగా వెక్కిరించిన ఏజెన్సీ ఆ పాలెం నంబర్లను ఒక్క పొరపాటూ లేకుండా రాసింది.

వెంకాయమ్మతో తప్పు మా వైపే జరిగిందని చెప్పాను. నమ్మినట్టు కనబడలేదు. ఆ మాట కాగితం మీద రాసి ఇవ్వగలరా అని అడిగింది. రాస్తానన్నాను.

జె.డి. గారి గదికి వెళ్ళి అంతా చెప్పాను. దేశం కోడు, పది అంకెలు, పన్నెండు అంకెలు అని కాగితం మీద గీసి చూపించాను. ఆయనకు అర్థమయింది. తెలివైన మనిషే. అందుకే కోపం వచ్చింది.

"సాంకేతిక కారణాల వల్ల అని రాయండి. ఏజెన్సీ డేటాలో లోపం అంటే ఇంకా నయం."

ఏజెన్సీ రాసిన నంబరు సరైనదేనండీ, నేను చెడగొట్టాను అన్నాను.

"ఏడాదిలో రిటైరయ్యే మనిషి, మీకెందుకు మేడం ఇది?"

సాంకేతిక కారణాలు అన్న మాట నాకు మొదటి నుంచీ గిట్టదు. ముప్పై ఏళ్ళలో ఎన్ని ఫైళ్ళలో చూశానో. చేసినవాడి పేరు చెప్పకుండా జరిగిందని మాత్రం చెప్పడానికి ఇంత తేలికైన మాట సర్కారు తెలుగులో ఇంకొకటి లేదు. మా నాన్న గుడివాడ దగ్గర పల్లెలో చర్చి రిజిస్టరు రాసేవారు. బాప్తిస్మం తేదీ తప్పు పడితే కొట్టేసి, పక్కన సరైనది రాసి, కింద తన సంతకం పెట్టేవారు. జె.డి. గారు అంత చదువుకుని కూడా ఆ పాటి పని నేర్చుకోలేదు.

మా కార్యాలయాల్లో ఫైలుకు రెండు భాగాలుంటాయి. ఒక వైపు వచ్చిన ఉత్తరాలు, ఇంకో వైపు వాటి మీద ఎవరెవరు ఏమనుకున్నారో రాసే నోటు ఫైలు. నోటు ఫైలు పేజీలకు నంబర్లుంటాయి, అందులో పేజీ చింపడం నేరం. నేను అందులోనే రాశాను. ఫలానా తేదీన నేను ఉపయోగించిన సూత్రం ఇది, దాని వల్ల ఈ పాలెం నంబర్లు జాబితా నుంచి పోయాయి, కాబట్టి వీరికి హెచ్చరిక అందలేదు, నిర్లక్ష్యం అన్న మాట సరికాదు. సరిచేసిన సూత్రం కింద రాసి, పోయిన నంబర్ల వరుసలన్నీ జతచేసి, సంతకం పెట్టాను. జె.డి. గారు ఆ ఫైలును పది రోజులు తన బల్ల మీద నుంచి కదలనివ్వలేదు. ఈలోగా వెంకాయమ్మ సోమవారం కలెక్టరు గారి అర్జీల రోజున అర్జీ పెట్టింది. కలెక్టరు కార్యాలయం నుంచి ఫైలు పంపమని అడిగారు. పంపక తప్పలేదు.

నాకు మెమో వచ్చింది. సంజాయిషీగా నోటులో రాసిందే మళ్ళీ రాశాను. సెన్సూరు వేశారు. శిక్షల్లో అన్నిటికన్నా చిన్నది, సర్వీసు రిజిస్టరులో ఒక ఎర్ర సిరా వాక్యం. నిర్లక్ష్యం అన్న మాట నివేదిక నుంచి తీసేశారు. నాంచారయ్యకు పడవ సాయం మంజూరైంది, తర్వాతి వేట కాలం సగం గడిచాక. అతని చెయ్యి భుజం పైకి లేవడం లేదు. పడవ మీద ఇప్పుడు తమ్ముడు వెళ్తాడు, అతను ఒడ్డున వలలు బాగుచేస్తాడు. ఆ జనవరి ఇరవై ఆరున జె.డి. గారికి నంబర్ల జాబితా సకాలంలో పూర్తిచేసినందుకు ప్రశంసా పత్రం ఇచ్చారు. పెరేడ్ మైదానంలో అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. వరుసలో కూర్చున్నాక కొట్టక ఏం చేస్తాం.

అంతకు ముందే కొత్త జాబితా అచ్చు తీసుకుని ఆ పాలెం వెళ్ళాను. వలలు కుట్టే పాక కింద కూర్చుని ఒక్కో నంబరుకూ ఫోను చేశాను. ఎవరి చేతిలోది వాళ్ళ చేతిలో మోగుతుంటే పక్కన టిక్కు పెట్టుకుంటూ పోయాను. నాంచారయ్య కట్టు కట్టిన భుజంతో వచ్చి పక్కన కూర్చున్నాడు. కోపంగా లేడు, మర్యాదగానూ లేడు. అసలేం జరిగిందో చెప్పమన్నాడు. మీ నంబరు మొదట్లో ఉన్న తొంభై ఒకటి దేశం కోడనుకుని తీసేశాను, తీసేశాక నంబరు పొట్టిదయింది, పొట్టిదని పారేశాను అని చెప్పాను. అతను ఎడమ చేత్తో వల పక్కకు జరిపాడు.

"పారేసే ముందు ఒకసారి ఫోను చెయ్యాల్సిందండీ. మోగేది గదా."

తర్వాతి నంబరు నొక్కాను.

ఆ తర్వాత నేను ఉద్యోగంలో ఉన్నది ఏడాది. ఈ విద్య నేర్చుకోవాలని వచ్చినవాళ్ళకు సూత్రాలకన్నా ముందు ఇది చెప్పేదాన్ని. సూత్రం ఏం పట్టుకుందో అందరూ చూస్తారు, ఎడిటరు రంగు వేసి మరీ చూపిస్తుంది. ఆఖర్న పారేసిన వరుసల్ని ఎవరూ చూడరు, అవి తెర మీద ఉండవు. అందుకని పనికిరాదనుకున్న ప్రతి వరుసనూ చెరిపెయ్యకుండా వేరే ఫైలులో వేయాలి, ఆ ఫైలును మొదటి వరుస నుంచి ఆఖరి వరుస దాకా కంటితో చదవాలి, అనుమానం ఉన్న నంబరుకు ఫోను చేయాలి. చదివాకే సంతకం. దీనికి ఎక్కువ సమయం పట్టదు. ఆ రోజు మిగిలిన వరుసలు అరగంటలో చదవగలిగినవి. అప్పటికి కాన్ఫరెన్సుకు ఇంకా గంట ఉంది.